ఆటలోని భయము, తెరమీది భయము

మన పల్లెలలో కథ చెప్పుటకు ఒక కట్టుబాటు కలదు. చెప్పువాడు చెప్పుచుండును, వినువాడు ఊకొట్టుచుండవలెను. ఊకొట్టుట ఆగెనా, కథయు ఆగును. పిల్లలు నిద్రపోయిరో, మేలుకొనియున్నారో తెలిసికొనుటకు మాత్రమే ఈ ఆచారము పుట్టెనని తలంపరాదు. "ఊ" అనిన ప్రతిపర్యాయమును వినువాడు కథను ఒక్క అడుగు ముందునకు నడుపుచున్నాడు. రాకుమారుడు రాక్షసుని గుహలో కాలిడునప్పుడు "ఊ" అనిన పిల్లవాడు తానును ఆ గుహలోనికి వచ్చుటకు ఒప్పుకొనినవాడే. భయముచేత గొంతు పెగలకున్నను "ఊ" అనవలెను; అనకున్న రాకుమారుడు గుహవాకిటనే నిలిచిపోవును. ఈ చిన్నమాటను మొదట మనసున నుంచుకొనుడు. నేను చెప్పబోవు క్రొత్త విషయమునకు ఈ పాతమాటయే ఆధారము.

నేటి ప్రసంగవిషయము వినుటకు కొంత వింతగా నుండవచ్చును. భయపెట్టు వీడియో ఆటలను చలనచిత్రములుగా మార్చుచున్నారు. అట్లు మార్చుట యెట్లు? మార్చినప్పుడు నిలుచునదేమి, పోవునదేమి? ఇది పట్టణపు పిల్లల ముచ్చట, మనకేల యని కొందఱు పెద్దలు అనుకొందురేమో. కాని సెల్ ఫోను చేరిన ప్రతి యూరికిని ఆటయు చేరినది. నల్లగొండ, మహబూబునగరము సీమల పల్లెలలో మనుమడు చెవులకు తీగలు తగిలించుకొని, దీపమార్పి, దుప్పటి ముసుగు పెట్టుకొని నడిరేయివఱకు ఆ వెలుగును చూచుచుండును. ఒక్కొక్కమారు ఉలికిపడును. ఏమిరా యని తాత యడిగిన "ఏమియు లేదు" అనును. ఆ యేమియు లేనిదానిలో ఏమున్నదో తెలిసికొనుట పెద్దల బాధ్యత.

వీడియో ఆట యనగా తెరమీది బొమ్మను ఆడువాడు తన చేతితో నడుపు ఆట. మీట నొక్కిన బొమ్మ నడచును; విడిచిన నిలుచును. భయపు ఆటలో ఆ బొమ్మను ఒక చీకటియింటిలోనో, పాడుపడిన యూరిలోనో విడుతురు. ఎక్కడనో ఏదో పొంచియుండును. తలుపు తెరచినగాని దారి లేదు. తెరచిన నేమి యెదురగునో తెలియదు. సినిమాలో నైన తలుపు తెరచువాడు కథానాయకుడు. చూచువాడు "వద్దురా" యని లోలోపల మొఱపెట్టుకొనును గాని ఆపజాలడు. ఆటలో తెరచువాడు ఆడువాడే. వాడు తెరువకున్న ఎవ్వరును తెరువరు; తెల్లవాఱులు ఆ బొమ్మ ఆ గుమ్మముకడనే నిలుచుండును. తెరచి చచ్చెనా, "నేనే తెరచితిని, నేనే చంపుకొంటిని" అను పశ్చాత్తాపము వానిదే. కావున ఆ మీట నొక్కుట పూర్వపు ఊకొట్టుట వంటిది. ఆటలోని భయమునకు మూలము తెరమీది భూతము కాదు, ఆడువాని చేయి.

ఈ తత్త్వము మనకు క్రొత్తది కాదు. పాతగుళ్ల బండలమీద గీసిన పులిజూదపు గీతలను మీరెఱుగుదురు. పాలమూరు సీమలో పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములకన్న జనుల తిండి, బట్ట, వేడుక, వినోదములకే పెద్దపీట వేసి, మనవారి ఆటలను గూర్చియు శ్రద్ధతో వ్రాసిరి. ఆట చిన్నపిల్లల చేష్ట యని వారు త్రోసివేయలేదు. జాతి మనసు ఆటలో తెలియును.

వైకుంఠపాళిని తీసికొనుడు. నిచ్చెనలెక్కి, చిన్నపాములను దప్పించుకొని, పరమపదమునకు చేరువగా వచ్చిన కాయకు ఎదుట పెద్దపాము నోరు తెరచుకొని యుండును. దాని నోటబడిన కాయ మొదటికి రావలసినదే. ఆ పాము కాగితముమీది రంగుగీతయే గదా! ప్రక్కన కూర్చుండి చూచువానికి అది నవ్వు పుట్టించును. కాయ యెవనిదో వానికి మాత్రము గవ్వలు పట్టిన చేయి చెమర్చును. పాము ఒక్కటే, పటము ఒక్కటే. ఆడువానికి భయము, చూచువానికి వేడుక. ఆటను సినిమాగా మార్చువాని చిక్కంతయు ఈ యొక్క మాటలో నున్నది. ఆడువారిని పీటలమీదినుండి లేపి, అందఱిని చూచువారినిగా కూర్చుండబెట్టి, అయినను అందఱి చేతులును చెమర్చునట్లు చేయవలెను. ఇది యెట్లు సాధ్యము?

దీనికి వేఱువేఱు దేశములవారు చేసిన ప్రయత్నములను కొన్నింటిని చూతము.

అమెరికాలో స్కాట్ కాథన్ అను నతడు దాదాపు ఒంటిచేతిమీద ఒక ఆటను తయారుచేసి 2014లో విడుదల చేసెను. దాని పేరు ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్. ఫ్రెడ్డీ భోజనశాలలో అయిదు రాత్రులని అర్థము. అది పిల్లలు తిని ఆడుకొను చోటు. అందు ఎలుగుబంటి, కుందేలు, కోడి, నక్క రూపముల పెద్ద యంత్రపుబొమ్మలుండును. పగలు అవి పాడి ఆడించును. రాత్రి తమంతట తాము తిరుగును. ఆడువాడు అక్కడి రాత్రికావలివాడు. రాత్రి పండ్రెండు గంటలనుండి ఉదయము ఆఱు గంటలవఱకు ఒక్క గదిలో కూర్చుండి, కెమెరాలలో బొమ్మల జాడ చూచుకొనుచు, అవి దగ్గఱకు వచ్చినప్పుడు కుడియెడమల తలుపులను మూసికొనవలెను. చిక్కేమనగా కరెంటు కొలది. తలుపు మూసిన కొలది కరెంటు తరుగును. కెమెరా చూచిన కొలది తరుగును. భయపడి అన్నియు మూసికొని కూర్చుండినవాడు తెల్లవాఱకమునుపే చీకటిలో చిక్కును. అంతయు అయిపోయిన పిమ్మట వచ్చునది మృత్యువే.

ఈ ఆట మన రైతులకు వేఱుగ వివరింపవలసిన పని లేదు. జొన్నచేని నడుమ మంచెపై నొంటరిగా కూర్చుండి అడవిపందులకు కాపుకాసినవానికి ఆకు కదలిన చప్పుడేమో, పంది వచ్చిన చప్పుడేమో చీకటిలో వేఱుచేసికొనుట తెలియును. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల కరెంటు మొదలిడిరి. అంతకు ముందు, నడిరేయి ఏ జామున కరెంటు వచ్చునో ఆ జామున లేచి, బావికడకు పోయి మోటారు మీట నొక్కివచ్చిన రైతులు మీలో నెందఱో యుందురు. కాలిక్రింద పామున్నదో, గట్టుపై తీగ తెగి పడియున్నదో తెలియని నడక అది. ఆ భయము సినిమా భయము కాదు. ఆ చేయి మీది, ఆ మీట మీది, ఎండిపోవు మడి మీది. తప్పినచో ఏమగునో తెలిసి నడచినవాని భయమది. ఆటవారు పిల్లలచేత పట్టించునది ఆ భయపు నీడనే. తేడా యేమనగా వారి ఆటలో చచ్చినవాడు మరల లేచి ఆడవచ్చును.

ఈ ఆట 2023లో సినిమా అయ్యెను. దర్శకురాలు ఎమ్మా టామీ. దానికైన వ్యయము సుమారు 2 కోట్ల డాలర్లు. ప్రపంచమున నంతట వచ్చిన వసూలు 29 కోట్ల డాలర్లకు మించినది. ఆటలో కావలివానికి పేరున్నను కథ స్వల్పము. ఆడువాడే కావలివాడు గనుక కథ యక్కఱ లేదు. సినిమాలో నట్లు కుదురదు. ప్రాణమునకు ముప్పున్నదని తెలిసియు ఈ మనిషి మఱునాటిరాత్రి మరల ఆ గదికి ఏల వచ్చును? చూచువాడు ఈ ప్రశ్న తప్పక అడుగును. అందుకు వారొక కుటుంబమును కల్పించిరి. మైక్ అను నాతని తమ్ముని చిన్నతనమున ఎవరో ఎత్తుకొనిపోయిరి; ఆ దినమున కనిపెట్టియుండవలసినవాడు తానే. ఇప్పుడు వానిపై ఆధారపడిన చెల్లెలు ఒకతె యున్నది. ఉద్యోగము పోయిన ఆమెను పినతల్లి తీసికొనిపోవును. ఇట్లు చేతిలోని మీట పోయి, దాని స్థానమున చెల్లెలు వచ్చెను.

ఆ బొమ్మలను కంప్యూటరు మాయతో గీయక, బొమ్మలు చేయుటలో పేరుపొందిన జిమ్ హెన్సన్ సంస్థవారిచేత నిజముగనే చేయించిరి. తోలుబొమ్మలాట చూచినవారికి ఇందలి మర్మము తెలియును. తెర వెనుక నిజమైన తోలు, నిజమైన పుల్ల, నిజమైన దీపము ఉన్నందుననే రావణుని నీడకు బరువు వచ్చును. విమర్శకులలో పలువురు ఈ చిత్రమును మెచ్చలేదు. ఆట ఆడిన యువకులు మాత్రము తండోపతండములుగా వచ్చి చూచిరి. అయినను ఒక లోటు నిజము. ఆటకు ప్రాణమైన ఆ కరెంటు లెక్క, ఆ రెండు తలుపుల నడుమ తొందరపాటు చిత్రమున మిక్కిలి సన్నగిల్లినవి. కుటుంబకథ వచ్చి చేరినది. కావలిరాత్రి కొంత జాఱిపోయినది.

జపానులో క్యాప్‌కామ్ సంస్థ 1996లో విడుదల చేసిన రెసిడెంట్ ఈవిల్ అను ఆట ఇంకొక దారి చూపుచున్నది. అడవిలో నొక పాడుమేడ. అందు లేచి తిరుగు శవములు. తుపాకిగుండ్లు కొలదిగానే దొరకును. ఆడినంతవఱకు భద్రపఱచుకొనవలెనన్నను టైపు మిషను రిబ్బను కావలెను, అదియు కొలదియే. ఆటలో కెమెరాను గదిమూలలో నాటిరి. అందువలన అడుగులచప్పుడు వినవచ్చును గాని నడచునదేదో మలుపు తిరుగువఱకు కానరాదు. పొదుపు, చాటు, చప్పుడు: ఈ మూటితోనే వారు భయమును కట్టిరి.

దీనిని చిత్రముగా తీయుటకు మొదట జార్జి రొమేరో అను దర్శకుడు కథ వ్రాసెను. 1968లో నడచు శవముల చిత్రమును తీసి, ఆ తీరు భయమునకు దారి వేసినవాడతడే. కాని అతని వ్రాత తెరకెక్కలేదు. తుదకు పాల్ ఆండర్సన్ అను దర్శకుడు 2002లో తీసెను. అతడు చేసిన ముఖ్యమైన మార్పు ఒక్కటి: ఆటలో లేని ఆలిస్ అను స్త్రీని క్రొత్తగా కల్పించి నాయికగా నిలిపెను. చిత్రారంభమున ఆమె ఒక మేడలో స్మృతి తప్పి కన్నులు తెరచును. తానెవరో తనకే తెలియదు. ఇది తెలివియైన పని. ఆటను మొదట పట్టినవాడును అట్టివాడే గదా! ఈ తలుపు ఎక్కడికి, ఆ తాళము దేనికి, ఏమియు తెలియదు. ఆమెతోపాటు చూచువాడును ఒక్కొక్కటే తెలిసికొనుచు పోవును. ఆమెకు తెలియనిది మనకును తెలియనప్పుడు మనము ఆమెకు ఊకొట్టినట్లే. 2016 వఱకు ఆ వరుసలో ఆఱు చిత్రములు వచ్చినవి. కాని పోనుపోను ఆలిస్ సర్వశక్తిమంతురాలయ్యెను. పోరాటము పెరిగి భయము తగ్గెను. గుండ్లు కొల్లలుగా నున్నవానికి భయమెక్కడిది?

ఇంకొక ఆటను రేడియో వినువారికి ప్రత్యేకముగ చెప్పవలెను. కొనామి యను జపాను సంస్థ 1999లో విడుదల చేసిన సైలెంట్ హిల్ అది. మంచు క్రమ్మిన యూరిలో తప్పిపోయిన కూతురిని ఒక తండ్రి వెదకుచుండును. అతనిచేత చిన్న రేడియో యొకటి యుండును. అది పాటలు పాడదు, వార్తలు చెప్పదు. భూతము దగ్గఱకు వచ్చుకొలది గరగరలాడును. ఎదుటనంతయు మంచు, ఏమియు కానరాదు. రేడియో మాత్రము గరగరలాడుచున్నది. కన్ను చూడకముందే చెవి భయపడును. చూపించుటకన్న వినిపించుటలో భయమెక్కువ యని ఇంత చక్కగా నెఱిగినవారు అరుదు. ఆ మంచుకును ఒక కారణము కలదు. నాటి ఆటయంత్రమునకు దూరపు ఇండ్లను, వీధులను గీయు శక్తి చాలదు. ఆ లోపమును మంచుతో కప్పిరి. కప్పిన మంచే ఆటకు గొప్ప గుణమయ్యెను. లేమినుండి కళ పుట్టుట మన వీధిభాగవతులకు తెలియని సంగతి కాదు. రెండు దివిటీలు, ఒక దుప్పటితెర, వానితోనే వారు లంకను నిలిపిరి.

ఫ్రెంచి దర్శకుడు క్రిస్టాఫ్ గాన్స్ దీనిని 2006లో చిత్రముగా తీసెను. అతడు తండ్రిని తల్లిగా మార్చెను. మంచునకు బదులు ఆకాశమునుండి బూడిద రాలునట్లు చూపెను. ఊరిక్రింది బొగ్గు మండుచుండుటచే ఆ బూడిద యని చెప్పించెను. ఇది వట్టి కల్పన కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సెంట్రేలియా అను నూరిక్రింద 1962లో బొగ్గుగని అంటుకొని నేటికిని మండుచున్నది. ఊరు దాదాపు ఖాళీయైనది. చిత్రకథ వ్రాసినవాడు ఆ యూరిని మనసున నుంచుకొనెను. ఆటకు అకిరా యమావోకా కూర్చిన సంగీతమును సినిమాలోను వాడిరి. ఇందు నేర్చుకొనదగినదేమి? ఆటలో యంత్రపు లోపమును కప్పిన మంచు సినిమాకు అక్కఱ లేదు. కెమెరాకు దూరము కనబడును. అయినను కానరామి కావలెను. కావున పాత పనిని చేయు క్రొత్త వస్తువును వెదకిరి. మార్చువాడు వస్తువును గాక, వస్తువు చేయు పనిని నిలుపుకొనవలెను.

ఇంతవఱకు పరదేశపు మాట. మన తెలుగువారు ఈ చిక్కును ఎదుర్కొనలేదా? వీడియో ఆటలు పుట్టుటకు చాల ముందే ఎదుర్కొనిరి. బాలనాగమ్మ కథ మీరెఱుగనిది కాదు. బుడిగజంగములు తంబుర మీటుచు, ప్రక్కన వంతలు డక్కీలు వాయించుచు రాత్రులు చెప్పిన కథ అది. మాయల మరాఠి జంగమవేషమున వచ్చి బాలనాగమ్మను కుక్కగా మార్చి నాగళ్లపూడిగట్టునకు కొనిపోవుట, వెదకవచ్చినవారు రాళ్లగుట, వాని ప్రాణము ఏడు సముద్రముల కావల చిలుకలో నుండుట, తుదకు బాలవర్ధిరాజు తల్లిని విడిపించుట, ఇది విని ముసుగు బిగించుకొనని పిల్లవాడు లేడు. ఆ కథలో మరాఠికి ముఖము లేదు. వినువాడు ఎవనికి వాడే యొక ముఖమును కల్పించుకొనెను. ఒకనికి వాడు గ్రామములోని గడ్డపువాడు; ఇంకొకనికి సంతలో కనబడిన మందులవాడు.

తరువాత సురభి నాటకసమాజములవారు ఈ కథను రంగమెక్కించిరి. 1942లో మదరాసులోని జెమినీ సంస్థ చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వమున చిత్రముగా తీసెను. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావుగారు మాయల మరాఠి. ఆ మరాఠిని చూచి జనులు గడగడలాడిరి. 1959లో వేదాంతము రాఘవయ్యగారి దర్శకత్వమున మరల తీసినప్పుడు ఎస్. వి. రంగారావుగారు ఆ వేషమును ధరించిరి. లాభమేమి? కథ లక్షలమందికి చేరెను. ఎంతోకాలము మాటలో నున్న మాయ కంటికి కనబడెను. నష్టమేమి? చిత్రము చూచినవానికి తన మరాఠి పోయి సుబ్బారావుగారి మరాఠియే మిగిలెను. ఊకొట్టువానికి పని లేకపోయెను. ఆటను తెరకెక్కించినప్పుడు నేడు పిల్లలు చేయు ఫిర్యాదు ఇదియే: "ఇది నేనాడిన ఆట వలె లేదు." ఆ ఫిర్యాదును మన తాతలు 1942లోనే చేసియుండదగును.

ఇక మన కాలపు తెలుగు చిత్రములు. 2019 జూనులో అశ్విన్ శరవణన్ దర్శకత్వమున గేమ్ ఓవర్ అను చిత్రము తెలుగు, తమిళములలో నొక్కమారే విడుదలయ్యెను. అది ఏ యాటనుండియు తీసినది కాదు. ఆట యొక్క ధర్మమునే కథగా తీసికొనెను. తాప్సీ ధరించిన స్వప్న అను యువతి వీడియో ఆటలు తయారుచేయునది. గతమున జరిగిన ఘోరముచే చీకటి యన్న వణకును. ఆమె చేతిమీద నొక పచ్చబొట్టు కలదు. ఆ సిరాలో చనిపోయిన యొక అమ్మాయి చితాభస్మము కలిసియున్నదని తరువాత తెలియును. కాళ్లు విఱిగి చక్రములకుర్చీలో నుండగా హంతకులు ఇంట జొరబడుదురు. వీడియో ఆటలో ఆడువానికి మూడు ప్రాణములుండునట్లు ఆమెకును మూడు అవకాశములు కలుగును. చచ్చి మరల లేచును. ముందటి చావున తెలిసికొనిన దానిని ఈసారి వాడుకొనును.

పచ్చబొట్టు పొడిపించుకొనుట మన స్త్రీలకు పాత అలవాటు. చచ్చినను వెంట వచ్చు సొమ్ము అదియొక్కటే యని మన అవ్వలు చెప్పుదురు. ఆటలో మూడు ప్రాణములకు అర్థము లేదు. అది లెక్క మాత్రమే. చిత్రకారులు దానికి అర్థము నిచ్చిరి. ప్రాణములు ఇచ్చినది యంత్రము కాదు. బ్రతుకవలెనని పోరాడి చనిపోయిన ఒక పిల్ల. ఆమె ఇచ్చిన ధైర్యముతో ఈమె చీకటిని ఎదుర్కొనును. చేతిలోని మీట పోయినచోట చేతిమీది పచ్చబొట్టు నిలిచెను. ఆట ధర్మము ఇట్లు మనుష్యధర్మమైనది. నేను పైన చెప్పిన పరదేశపు చిత్రములన్నిటికన్న ఇది ఆటకు దగ్గఱగ వచ్చినదని నా యభిప్రాయము.

2021లో ప్రశాంత్ వర్మ తీసిన జాంబీ రెడ్డి కృష్ణ, తుంగభద్రల కావలి కర్నూలు సీమలో జరుగు కథ. నాయకుడు వీడియో ఆటలు చేయువాడు. పరదేశపు ఆటలలో నడచు శవములను కక్షల పల్లెలోనికి తెచ్చిరి. అందు భయముకన్న హాస్యమెక్కువ. అయినను ఒక మేలు చేసినది: ఆ శవములు మన పంచెలు కట్టి, మన వీధులలో నడచినవి.

నల్లగొండకు చేరువనున్న పానగల్లులో ఛాయాసోమేశ్వరుని గుడిని మీలో పలువురు చూచియుందురు. గర్భగుడిలో లింగము వెనుక పగలంతయు ఒక స్తంభపు నీడ కదలక నిలిచియుండును. ఆ నీడ ఏ స్తంభముదని వెదకిన, ఒక్క స్తంభముది కాదు; పెక్కు స్తంభములను ఒక లెక్కతో నిలిపినందున వెలుగు పలుదారుల వచ్చి ఆ యొక్క నీడను నిలుపుచున్నది. భయపు ఆటను సినిమాగా మార్చువాడు ఈ శిల్పి వంటివాడు కావలెను. నీడను చెక్కి తెచ్చి గోడకు అతికింపరాదు. స్తంభములను మరల నిలుపవలెను. ఒక స్తంభము తెలియమి, ఒకటి చప్పుడు, ఒకటి కొఱత, ఒకటి తప్పించుకొనరాని కర్తవ్యము. ఇవి కుదిరిన నీడ దానియంతట నదియే పడును. కుదరకున్న ఎంత పెద్ద భూతమును తెచ్చినను అది వైకుంఠపాళి పటములోని పాము, అంతే. ఆటలో భయము చేతిది. తెరమీద భయము కంటిది. చేతిలోని దానిని కంటికి అందించునప్పుడు నడుమ మనసు చేరకున్న అది దారిలోనే ఒలికిపోవును.

ఇంతకును మనకు కావలసినదేమి? ముందుగా జాగ్రత్త మాట. మన దేశమున 2024 నుండి పెద్దల తోడుతో చూడవలసిన సినిమాలను ఏడు, పదుమూడు, పదునాఱు ఏండ్ల వయసులనుబట్టి మూడు తరగతులుగ విభజించిరి. పెద్దలకు మాత్రమే యైనవి వేఱు. చాల ఆటలమీదను వయసు అంకె ముద్రించియుండును. ఆ అంకెను చూచి బిడ్డ వయసునకు తగనిదానిని మాన్పింపుడు. ఇందు మొగమాటము పనికిరాదు.

కాని మాన్పించుటతో పెద్దల పని తీఱదు. మన తాతలు మనలను భయపెట్టకపోలేదు. కొఱవిదయ్యము కథ విననివారు మనలో నెవరు? కాని వారు ప్రక్కనే యుండి భయపెట్టిరి. కథ ముగిసినప్పుడు వారి చేయి మన వీపుమీద నుండెను. నేటి బిడ్డ భయము నొంటరిగా అనుభవించుచున్నాడు. చెవులలో తీగలు, ప్రక్కన నెవ్వరును లేరు. చెడుగు ఆటలో నున్నదానికన్న ఆ యొంటరితనములో నెక్కువ యున్నది. కావున రేపు మనుమని పిలిచి, "ఆ ఆట కథ యేమిరా, నాకు చెప్పుము" అనుడు. వాడు చెప్పును. చెప్పుటకు ఎదురుచూచుచునే యున్నాడు. మీరు ఊకొట్టుడు.

రెండవది. ఆ కథ వినిన పిదప మీ కథను చెప్పుడు. హైదరాబాదులో వీడియో ఆటలు, బొమ్మల చిత్రములు తయారుచేయు సంస్థలు వెలసినవి. మన జిల్లాల పిల్లలు అట్టి పనులు నేర్చుకొనుచున్నారు. వారికి యంత్రము తెలియును, కథ తెలియదు. కథ మీయొద్ద నున్నది. నాగరుకర్నూలు సీమకు చెందిన దర్శనం మొగులయ్యగారు పండ్రెండుమెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథను పాడి 2022లో పద్మశ్రీ బిరుదము నందిరి. నారాయణపేట సీమ బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పగారికి 2024లో ఆ గౌరవము లభించెను. బిరుదములు వచ్చినవి గాని వారి విద్యను వెన్నంటి నేర్చువారు కొలదిమందియే. ఆ వాయిద్యము మూగవోయినచో, రేపు మన మనుమడు నల్లమల చీకటిని గూర్చి ఆట చేయదలచినను జపానువాని మంచునే వాడుకొనును, అమెరికావాని ఎలుగుబంటినే నిలుపును. మన గట్టు, మన మంచె, మన పాడుబావి వానికి తోచవు. ఎవరును చెప్పలేదు గనుక.

కథ ఒక గిన్నెనుండి ఇంకొక గిన్నెకు మాఱుట తప్పదు. మాటనుండి రంగమునకు, రంగమునుండి తెరకు, తెరనుండి ఆటకు, ఆటనుండి మరల తెరకు. మాఱినప్పుడెల్ల కొంత ఒలుకును, కొంత చేరును. ఒలికినదానికి వగచుటకన్న, ఊకొట్టువాని చోటు ప్రతి గిన్నెలోను మిగిలియున్నదా లేదా యని చూచుట మేలు. ఆ చోటు మిగిలినంతకాలము కథ బ్రతికియుండును. ఈ రాత్రి మీ యింటి అరుగుమీద ఎవరైన కథ మొదలిడుదురేని, వినువారు నిద్రపోకుందురుగాక.